నూటికి అరవై

మా అక్క కొడుకు రాళ్ళ చదువు చదివాడు. చిన్నప్పుడు దొడ్లో గులకరాళ్ళు ఏరి జేబుల్లో పోసుకుని నిక్కర్లన్నిటికీ చిల్లులు పెట్టుకొచ్చేవాడు. అప్పుడు వాడి వీపు విమానం మోత మోగించిన మేమే, ఇప్పుడు పెళ్ళిళ్ళలో "మావాడు జియాలజిస్టండీ" అని అడక్కుండానే చెప్పుకుంటున్నాం. మొన్న సంక్రాంతికి వచ్చాడు. వచ్చాడన్న మాటేగాని, పండగ మూడు రోజులూ ఒళ్ళోంచి ఆ లాప్‌టాప్ దించితే ఒట్టు. అరిసెల పళ్ళెం పట్టుకెళ్ళి, "ఏమిట్రా అంత దీక్షగా చూస్తున్నావు?" అని వాడి భుజం మీంచి తొంగిచూశాను.

తెరమీద ఒక నేలముక్క గాల్లో తేలుతోంది. జున్నుముక్క కోసి పళ్ళెంలో పెట్టినట్టుంది. పైన పొలాలు, ఒక చెరువు, నాలుగు వీధులు. కిందంతా చిన్న చిన్న పెట్టెలు పేర్చినట్టు గళ్ళు. పైవరసలు ఎర్రగా, కింద వరసలు నల్లగా ఉన్నాయి. మధ్యమధ్య పుల్లలు గుచ్చినట్టు నిలువు గీతలు. వాడు వేలు కదిపితే ఊరు ఊరంతా గిర్రున తిరిగింది. ఇంకోటేదో నొక్కితే నిలువునా రెండు ముక్కలై లోపలిదంతా కనబడింది. సీతమ్మవారికి దారిచ్చినప్పుడు కూడా భూదేవి ఇంత సులువుగా విడిపోయి ఉండదు.

"తెలంగాణాలో ఒక ఊరు పిన్నీ. ఊరి కింద ఏముందో ఇది చూపిస్తుంది" అన్నాడు గర్వంగా.

"అంతా తవ్వి చూశారా?"

"అంతా ఎలా తవ్వుతాం? ఈ పుల్లలు గుచ్చినచోట్ల చూశాం. పాతవీ కొత్తవీ కలిపి పదకొండు బోర్లు."

"మరి మిగతాది?"

"మిగతాది లెక్క" అని అరిసె అందుకున్నాడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలకీ నాకూ పదో తరగతితోనే ఋణం తీరిపోయింది. అయినా ఆ "లెక్క" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. పదకొండు చోట్ల మాత్రమే కంటితో చూసి, ఊరంత మేరకీ రంగులు వేసేశారన్నమాట. అదీ ఎక్కడా తడబాటు లేకుండా, పండక్కి ఇల్లు సున్నం వేసినంత శుభ్రంగా!

వాణ్ణి కూచోబెట్టి చెప్పించుకున్నాను. అక్కడి నేలలో మూడు రకాలున్నాయట. పైన మొరం, అంటే రాయి ఎండకీ వానకీ నానీ నలిగీ మెత్తబడినది. దానికింద గట్టిరాయి. ఆ గట్టిరాతిలో అక్కడక్కడ పగుళ్ళున్న రాయి. గట్టిరాతిలో నీళ్ళుండవు. మొరం ఎండాకాలానికి ఎండిపోతుంది. లోతున బోరు వేస్తే నీళ్ళొచ్చేది ఆ పగుళ్ళలోంచే. కనక ఊరికి కావలసింది పగుళ్ళ రాయి ఎక్కడుందా అన్నది.

వాడొక పెట్టెమీద నొక్కాడు. పక్కన అంకెలు వచ్చాయి. గట్టిరాయి 68, పగుళ్ళ రాయి 29, మొరం 3.

"ఓహో, ఆ పెట్టెలో మూడూ ఆ పాళ్ళలో కలిసి ఉంటాయన్నమాట. దోసెల పిండిలో బియ్యమూ మినప్పప్పులాగ" అన్నాను తెలివిగా.

వాడు నవ్వాడు. "అక్కడే పిన్నీ అందరూ పొరబడేది. ఆ పెట్టెలో ఉన్నది ఏదో ఒక్కటే అనుకో. మొత్తం గట్టిరాయే కావచ్చు, మొత్తం పగుళ్ళ రాయే కావచ్చు. ఏదో మనకి తెలీదు. ఆ 68, 29 అన్నవి మన తెలియకపోవడానికి కొలత. రాయిలో లేవవి."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్ముతారా? నేలకి సందేహం లేదు. అది కోట్ల ఏళ్ళ క్రితమే ఏం కావాలో అయిపోయి అలా పడుకుని ఉంది. ఇవాళ మనం పైన నిలబడి "నూటికి 29 పాళ్ళు" అంటుంటే, ఆ అంకె రాతిమీద లేదు, మన మొహాలమీద ఉంది. అవకాశం అనే మాటని ఇన్నాళ్ళూ నేను లోకంలో ఉన్న వస్తువనుకున్నాను. వర్షం పడే అవకాశం, పెళ్ళి కుదిరే అవకాశం, ఉద్యోగం వచ్చే అవకాశం. జరగబోయేవాటి సంగతి వేరు, అవి ఇంకా జరగలేదు. జరిగిపోయి మూతపడి ఉన్నదాని విషయంలోనూ మనం అదే మాట వాడతాం. ఆపరేషన్ గదిలో డాక్టరు ఇంకా పొట్ట కొయ్యకముందే లోపల గడ్డ ఉందో లేదో తేలిపోయే ఉంది. బయట బల్లమీద కూచున్నవాళ్ళకే "ఉండొచ్చు, ఉండకపోవచ్చు"ను.

మర్నాడు కాఫీ తాగుతూ ఈ లెక్క ఎవరు కనిపెట్టార్రా అని అడిగాను. దీని పుట్టిల్లు బంగారం గనులట. దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ అనే చోట పెద్ద బంగారు గనులున్నాయి. అక్కడ పనిచేసిన డానీ క్రిగ్ అనే ఇంజనీరు 1951లో దీనికి నాంది పలికాడు. శాంపిలు మహా గొప్పగా వచ్చిందని ఒకచోట తవ్వితే తీరా అంత గొప్పగా ఉండదు. చప్పగా వచ్చిందని వదిలేసినచోట మరీ అంత చప్పగానూ ఉండదు. పెళ్ళిచూపుల్లో చూసిన పెళ్ళికొడుకుల్లాగే. గనులవాళ్ళు నెత్తిన చెయ్యిపెట్టుకునే ఈ సంగతికి క్రిగ్ లెక్క కట్టాడు. ఒక్క శాంపిలునే నమ్మకుండా చుట్టుపక్కలవాటిని కూడా దూరాన్నిబట్టి ఇంతింత అని కలుపుకుంటే అంచనా నిజానికి దగ్గర పడుతుందని చూపించాడు. తర్వాత 1960లలో ఫ్రాన్సులో జార్జ్ మాతెరాన్ దానికి గణితం కట్టి, క్రిగ్ పేరుమీదే క్రిగింగ్ అని పేరు పెట్టాడు.

ఆపైన 1983లో ఆండ్రే జుర్నెల్ ఇంకో మెలిక చేర్చాడు. ఇది నాబోటి దానికి కూడా అర్థమైంది. "బంగారం ఎంత ఉంది?" అని అడగడం మానేసి "ఉందా, లేదా?" అని అడుగు. బోరు వేసి కళ్ళారా చూసినచోట జవాబు ఒకటో, సున్నానో. పగుళ్ళ రాయి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. చూడనిచోట చుట్టుపక్కల ఒకట్లనీ సున్నాలనీ కలిపి లెక్క కడితే, ఒకటికీ సున్నాకీ మధ్య ఏదో వస్తుంది. ఆ మధ్యనున్నదాన్నే అవకాశం అనుకుంటాం. ఎంత సింపులో చూడండి. చూసినవాడు అవుననో కాదనో అంటాడు. చూడనివాడు మధ్యలో మాట్లాడాలి. లోకంలో సగం తగువులు చూడనివాళ్ళు ఒకటీ సున్నా మాట్లాడబట్టే కదా!

అసలు కథ ఇప్పుడొస్తుంది. ముందు నేను చూసి మురిసిపోయిన బొమ్మలో ఎర్రా నలుపూ తప్ప మరో రంగు లేదు. పగుళ్ళ రాతికి వాడు నీలం పెట్టాడు. ఊరి కింద బోర్ల దగ్గర తప్ప ఎక్కడా నీలమే కనబడదు. "అయితే ఈ ఊరికి నీళ్ళు లేనట్టేనా?" అన్నాను జాలిగా.

"ఆ బొమ్మ చేసే మాయే అది" అన్నాడు. "ఆ బొమ్మలో ప్రతి పెట్టెకీ ఏది ఎక్కువ పాళ్ళుంటే దాని రంగే వేస్తాం. గట్టిరాయి 68, పగుళ్ళు 29 అయితే నల్లరంగు. పక్క పెట్టెలోనూ అదే లెక్క, దానికీ నలుపే. అలాంటి పెట్టెలు వంద ఉన్నాయనుకో. వందా నల్లగానే ఉంటాయి. కాని నిజానికి ఆ వందలో ఏ ఇరవైతొమ్మిదింటిలోనో పగుళ్ళుండాలి. ఏ ఇరవైతొమ్మిదో తెలీదు కనక ఒక్కదానికీ నీలం వెయ్యలేదు."

ప్రతి పెట్టె విషయంలోనూ ఎక్కువ అవకాశం ఉన్నదే చెప్పారు. విడివిడిగా చూస్తే అందులో తప్పేమీ లేదు. అన్నీ కలిపేసరికి మాత్రం తప్పు తేలింది, నీళ్ళున్న ఊరు నీళ్ళులేని ఊరైపోయింది. నాకు మా స్కూలు గుర్తొచ్చింది. "వెనక బెంచీవాళ్ళు చదవరు" అనేవారు మా లెక్కల మాస్టారు. నూటికి డెబ్భైమంది విషయంలో ఆయన మాట నిజమే కావచ్చు. ఆ లెక్కన వెనక బెంచీ మొత్తానికి నల్లరంగు వేసి ఊరుకున్నారు. చదివే ముప్ఫైమందీ ఎవరు? వాళ్ళు ఆయన బొమ్మలో ఎక్కడా లేరు. కులాన్నిబట్టీ, ఊరునిబట్టీ, కట్టుకున్న చీరనిబట్టీ మనిషిమీద మనం వేసే రంగులు కూడా ఇలాంటివే.

నా మొహం చూసి వాడికి హుషారొచ్చింది. ఇంకో బొమ్మ తీశాడు. ఇందులో పగుళ్ళ రాయి ఒక్కటే, పొగమంచులాగా. అవకాశం ఎక్కువున్నచోట చిక్కగా, తక్కువున్నచోట పల్చగా, అవతలిది కనబడేటట్టు. తర్వాత మూడో బొమ్మ. ఇందులో రాళ్ళే లేవు. సందేహం ఒక్కటే ఉంది. బోర్ల చుట్టూ తెల్లగా, దూరం జరిగినకొద్దీ బూడిదరంగు. ఊరి తూర్పువైపంతా దట్టమైన బూడిద. అక్కడొక్క బోరూ లేదు.

ఆఖర్న ఒక తమాషా చూపించాడు. అవే పదకొండు బోర్లు, కాని వంద నేలలు! కంప్యూటరు అదే లెక్కనిబట్టి వందరకాల భూగర్భాలు కల్పిస్తుందట. నొక్కినప్పుడల్లా ఒక నేల. పుల్లలు గుచ్చినచోట ఏదీ మారదు. మిగతాచోట్ల నీలం ఒకసారి ఇటు పాకుతుంది, ఒకసారి అటు. "ఈ వందలో ఏది నిజం?" అంటే "ఏదీ కాకపోవచ్చు. అన్నీ మనకి తెలిసినదానికి అతికేవే" అన్నాడు.

ఇది నాకు మా బాగా తెలిసిన విద్య. నవల రాసేటప్పుడు నా దగ్గరా నాలుగు పుల్లలుంటాయి. ఎప్పుడో విన్న ఒక మాట, ఎవరింట్లోనో చూసిన ఒక కన్నీటిచుక్క. మధ్యలో ఉన్నదంతా అల్లిక. వంద రకాలుగా అల్లచ్చు. ఒకటి ఎంచుకుని అచ్చుకిస్తాను. పాఠకులు చదివి "అచ్చం ఇలాగే జరిగి ఉంటుందండీ" అని ఉత్తరాలు రాస్తే పొంగిపోతాను. నా పని అది. ఎందుకంటే నా నవలని నమ్మి ఎవరూ బోరు వెయ్యరు.

ఇంతసేపూ హుషారుగా ఉన్నవాడు అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆ ఊళ్ళో తాగునీళ్ళకి బోరు వెయ్యాలి. ఊరివాళ్ళు ఇంటింటికీ చందా వేసుకుని రెండు బోర్లకి సరిపడా డబ్బు పోగుచేశారు. పండగ వెళ్ళాక వీడు వెళ్ళి ఎక్కడ వెయ్యాలో చూపించి చెప్పాలి. వాడి పైవాళ్ళేమో, "వాళ్ళకి పర్సంటేజీలెందుకయ్యా, కంగారుపడతారు. రంగుల బొమ్మ ఒకటి చూపించి ఇక్కడ వెయ్యండని వేలు పెట్టి చెప్పు. మనమీద నమ్మకం కలగాలి" అంటున్నారు. వీడు లెక్కలో మంచి చోటు ఒకటి తేల్చాడు. అక్కడ పగుళ్ళ రాయి తగిలే అవకాశం నూటికి అరవై.

"ఏ బొమ్మ చూపించను పిన్నీ?"

నూటికి అరవై అన్న మాట వినేసరికి నాకు మా మావయ్య గుర్తొచ్చాడు.

నేను ఇంటర్ చదివే రోజుల మాట. మా మావయ్యది ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు. నాలుగేళ్ళ బత్తాయి తోట, మర్నాటేడు కాపుకొస్తుందనగా బావి ఎండిపోయింది. ఆకులు దోనెల్లా ముడుచుకుపోతున్నాయి. నీళ్ళు చూసే ఆయన్ని పక్క ఊర్నించి పిలిపించారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని తోటంతా తిరిగాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. "ఇక్కడ రెండు జలలు కలుస్తున్నాయి. నూటఎనభై అడుగుల్లో మూడించుల నీళ్ళు. పడకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. అత్తయ్య గాజులు తాకట్టులోకెళ్ళాయి. బోరుబండి వచ్చింది. రాత్రంతా ఊరు దద్దరిల్లింది. మూడువందల ఇరవై అడుగులు వెళ్ళినా తెల్లటి పొడి తప్ప తడి లేదు. ఆ పొడి తెల్లవారేసరికి బత్తాయి ఆకులమీద విబూదిలా పట్టింది.

తర్వాత ఎవరో చెబితే ఒక జియాలజిస్టుని పిలుచుకొచ్చారు. సన్నగా, మెతకగా ఉండే మనిషి. నాలుగు ఇనపకడ్డీలు నేలలో దిగేసి, తీగెలు కట్టి, బయటి రెండింటిలోంచి కరెంటు పంపి లోపలి రెండింటి మధ్యా ఏదో కొలిచేవాడు. తడి ఉన్న నేల కరెంటుని పోనిస్తుంది, గట్టిరాయి అడ్డుకుంటుంది, అదీ కిటుకు. అయితే నీళ్ళని వదలని బంకమట్టి కూడా కరెంటుని హాయిగా పోనిస్తుందట. అందుకే ఖాయంగా చెప్పలేరు. ఎండలో పూటంతా కొలిచి, కాయితంమీద గీతలు గీసుకుని, "ఈ మూలన అయితే నూటికి అరవై పాళ్ళు అవకాశం ఉందండీ" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

మా మావయ్య ఆ రాత్రి భోజనాల దగ్గర అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "అరవై అంటే ఏమనుకున్నావే అమ్మాయ్, ఫస్టు క్లాసు!"

ఎకరం అమ్మి బోరు వేశాడు. అదీ ఎండు బోరే. తోట నరికి పొయ్యిలోకి అమ్ముకున్నారు. మావయ్య ఒంగోలు వెళ్ళి ఒక కొట్లో పద్దులు రాస్తూ బతుకు వెళ్ళబుచ్చాడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. కొబ్బరికాయ ఆయన్ని మావయ్య పల్లెత్తు మాట అనలేదు. "ఆయనేం చేస్తాడు, నా జాతకం" అనేవాడు. జియాలజిస్టుని మాత్రం చచ్చేదాకా తిట్టాడు. "చదువుకున్నవాడు, మోసం చేశాడు" అని. ఖాయంగా చెప్పినవాడి తప్పు విధిమీదికి పోయింది. అనుమానంగా చెప్పినవాడి తప్పు అతని మీదే ఉండిపోయింది.

మరి ఆ జియాలజిస్టు తప్పు చెప్పాడా? లెక్క ప్రకారం లేదు. అరవై పాళ్ళన్నవాడు నలభై పాళ్ళు ఎండుబోరని కూడా చెప్పినట్టే. ఒక్క బోరు ఎండిపోయినంత మాత్రాన ఆ అరవై అబద్ధం కాదు, నీళ్ళు పడితే నిజమూ కాదు. అలాంటి చోట్ల వంద బోర్లు వేయించి చూస్తేగాని ఆయన మాట పరీక్షకి నిలబడదు. క్రిగ్ గారి బంగారు గనుల్లో అలా నిలబడింది. అక్కడ తవ్వడానికి వేల ముక్కలుంటాయి. ఒకచోట పోయినది ఇంకోచోట వస్తుంది. ఏడాది చివర పద్దు సరిపోతుంది. కాని మా మావయ్యకి వంద బోర్లెక్కడివి? ఉన్నవి ఒక జత గాజులు, అమ్ముకోగలిగిన ఎకరం. వందసార్లు ఆడగలిగినవాడి లెక్కని ఒక్కసారికే సర్వం ఒడ్డేవాడి చేతిలో పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడాయన. అబద్ధమాడలేదు. కాని నిజం చెప్పేశాం, ఇక మన బాధ్యత తీరిందని అనుకోవచ్చునా?

చాలాకాలం నేను అనుకోవచ్చనే అనుకున్నాను. ఇప్పుడలా అనిపించడం లేదు. "ఇలాంటి తోటలు పదింటిలో బోరు వేస్తే నాలుగు ఎండిపోతాయండీ" అని ఉంటే మావయ్యకి ఫస్టు క్లాసు గుర్తొచ్చేది కాదు. ఆ నాలుగు తోటలూ కళ్ళముందు కనబడేవి. "ఇది పోతే ఇంకోదానికి డబ్బుందా?" అని ఒక్క మాట అడిగి ఉంటే, భోజనాల దగ్గర అత్తయ్యకైనా నోరు పెగిలేది. అంకె అదే. చెప్పే తీరువల్ల వినేవాడి చేతికి వచ్చేది మారిపోతుంది.

ఈ కథ చెబితే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన బ్యాగులోంచి ఒక పాత కాయితం మ్యాపు తీసి చూపించాడు. రాళ్ళ మ్యాపుల్లో ఒక మర్యాద ఉందట. రెండు రాళ్ళు కలిసేచోటు కంటితో చూసి గీస్తే నిండుగీత. సుమారుగా గీస్తే తెగినగీత. మట్టి కప్పేసి కనబడకపోతే చుక్కలు. ఉందో లేదో కూడా అనుమానమైతే పక్కన ప్రశ్నార్థకం. "మా గురువుగారు నిండుగీత గీస్తే, ఇక్కడ నిలబడ్డావా అని అడిగేవారు" అన్నాడు. చూడండి, కలం సిరాలోనే ఒక నిజాయితీ పెట్టుకున్నారు పెద్దలు. కంప్యూటరు పెట్టెలకి తెగినగీత తెలీదు. పక్కన బోరున్నా, మైలు దూరంలో ఉన్నా, అడిగితే తప్ప ఒకేలా నిండురంగు పూసిపెడుతుంది. నున్నగా ఉన్నదాన్ని చూస్తే కన్ను నమ్మేస్తుంది. బజార్లో రంగేసిన బఠాణీలు కొనే మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

నేల విషయంలో తెలియనితనం ఊరికే పోదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి బురదా నీళ్ళూ ముంచెత్తాయి. ఎనిమిదిమంది పనివాళ్ళు చిక్కుకున్నారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. పైన చూస్తే నల్లమల కొండలు, అడవి. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు, ఆ తెలివీ నాకు లేదు. ఆ రోజుల్లో టీవీ ముందు కూచుని నేననుకున్నది ఒక్కటే. కొండ లోపల ఏముందో కొండకి ఎప్పుడూ తెలుసు. తెలియనిది దాని కిందికి వెళ్ళిన మనుషులకే. బొమ్మ ఎవరు గీసినా, దాని కింద నిలబడేది మాత్రం వేరేవాళ్ళు.

"అయితే మూడు బొమ్మలూ చూపించెయ్యమంటావా?" అన్నాడు. "కంగారుపడి, ఏమీ తెలియనివాడు వచ్చాడని పంపేస్తే? మళ్ళీ కొబ్బరికాయవాణ్ణే పిలుచుకుంటారు."

అదీ నిజమే. నాకేం తోచలేదు. "రెండు బోర్లకి డబ్బుందన్నావుగా, అక్కణ్ణించి మొదలుపెట్టు" అన్నాను.

పండగ వెళ్ళిన వారానికి ఫోన్ చేశాడు. రచ్చబండ దగ్గర గోడమీద బొమ్మ వేసి చూపించాడట. ముందు నీలం పొగమంచు బొమ్మ, తర్వాత బూడిద బొమ్మ. "ఈ చోటులాంటి చోట్లు పదైతే నాలుగింట్లో నీళ్ళు పడవు" అని మొదటే చెప్పేశాడట. జనం గొణుక్కున్నారు. ఒకాయన "ఇంత చదివి ఇదా?" అని కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. ఇంకొక ముసలావిడ బూడిద బొమ్మ దగ్గరికొచ్చి, తూర్పుదిక్కు చూపించి, "ఇటేపంతా ఏందిది బిడ్డా, పొగనా?" అని అడిగింది. "లేదవ్వా, అటువైపు మాకు తెల్వదు" అన్నాడు వీడు. "తెల్వకపోతే తెల్వదను. పొగెందుకు?" అని ఆవిడ వెళ్ళి కూచుంది. ఆ మాటకి అందరూ నవ్వారట. నవ్వాక వినడం మొదలుపెట్టారట.

గంటసేపు తర్జనభర్జన పడి ఒక ఒప్పందానికొచ్చారు. రెండు బోర్లూ ఒకేసారి వెయ్యరు. అరవై పాళ్ళున్నచోట ముందొకటి వేస్తారు. నీళ్ళు పడితే రెండో బోరు డబ్బుతో మోటారూ పైపులూ. పడకపోతే ఆ బోరులో ఏ లోతున ఏ రాయి తగిలిందో వీడు రాసుకుని, పన్నెండో పుల్ల గుచ్చి, లెక్క మళ్ళీ కట్టి, అప్పుడు రెండోదానికి చోటు చెబుతాడు. "ఎండు బోరు కూడా ఒక జవాబే పిన్నీ. ఒకటో సున్నానో తెలిసిన చోటు ఇంకొకటి పెరుగుతుంది" అన్నాడు. మా మావయ్య బోరులో ఏ రాయి తగిలిందో ఎవరూ రాసుకోలేదు. పొడి ఆకులమీద పడింది, వాన వచ్చి కడిగేసింది.

వాడి పైవాళ్ళు ఏమన్నారని అడిగాను. "ఏమన్నా అననీ" అన్నాడు. అంటే ఏదో అన్నారనే నాకర్థమైంది.

బోరుబండి ఇంకా రాలేదట. వచ్చేవారం వస్తుందంటున్నారు. నేను మాత్రం రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ ఊరి పేరు తల్చుకుని ఒక దణ్ణం పెడుతున్నాను. ఫోన్లో చెబితే వాడు నవ్వాడు. "అక్కడ ఉన్నది ఎప్పుడో ఉండిపోయింది పిన్నీ, నీ దణ్ణానికి అరవై అరవై ఒకటి కాదు" అని. నాకూ తెలుసు. నేలకి సందేహం లేదని చెప్పింది వాడేగా. కాని ఆ దణ్ణం నేలకి కాదు. ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసిన ఆ మనుషులకి.